గోనె సంచి వెంట టమాలే దాకా

జనవరి 8, లాబాడి (అక్రా)

పాత గోనె సంచులతో గోడలు కప్పే ఘానా కళాకారుడు ఇబ్రహీం మహామా పనులు చూడ్డానికి, దేశానికి ఉత్తరాన ఆయన ఊరు టమాలే దాకా ఈ ప్రయాణం. మొదటి మజిలీ రాజధాని అక్రా. అక్రా వచ్చినవాళ్లకు లాబాడి అంటే బీచే. గుర్రాలు ఎక్కించేవాళ్లు, డ్రమ్ములు వాయించేవాళ్లు, ఇసకలో అడుగు పెట్టడానికి టికెట్టు. మేం సముద్రాన్ని వదిలేసి రోడ్డుకి ఇవతలి వైపు ఊళ్లోకి నడిచాం. మేం అంటే నేనూ, టెమాలో ఫ్యాక్టరీ ఉద్యోగం చేసే మా బావా. ఇన్నేళ్లుగా ఘానాలో ఉంటున్నా ఈ సందుల్లోకి ఆయన ఎప్పుడూ రాలేదట. "నూనె డబ్బాలు చూడ్డానికి విజయనగరం నుంచి వచ్చావేంట్రా" అని దారి పొడుగునా ఒకటే నస.

నూనె డబ్బాలే, కాదనను. విదేశాల నుంచి వంటనూనెతో వచ్చే పసుపు ప్లాస్టిక్ డబ్బాలు. నూనె అయిపోయాక జనం వాటిని నీళ్లకు పెట్టుకున్నారు. జాన్ కుఫుర్ అధ్యక్షుడిగా ఉన్న 2001-2009 మధ్య ఇక్కడ నీటి ఎద్దడి ముదిరింది. డబ్బాలు పట్టుకుని లైన్లలో నిలబడ్డవాళ్లు వాటికి 'కుఫుర్ గ్యాలన్' అని పేరు పెట్టేశారు. ఆయన పదవి దిగిపోయినా డబ్బాలు పోలేదు. పగిలినవి కాలవల్లోకి, కాలవల్లోంచి సముద్రంలోకి చేరుతూనే ఉన్నాయి. 1985లో పుట్టిన ఇక్కడి కళాకారుడు సెర్జ్ అటుక్వై క్లొటీ వాటినే ఏరించి, చదరపు ముక్కలుగా కోయించి, మూలల్లో బెజ్జాలు వేసి రాగి తీగతో కలిపి కుట్టిస్తారు. దుప్పట్లంత పెద్ద పసుపు పరదాలు తయారవుతాయి. ఈ పద్ధతికి ఆఫ్రోగ్యాలనిజం అని పేరు పెట్టుకున్నారు. అవి విదేశీ గ్యాలరీల గోడలకు వేలాడుతుంటాయి. లాబాడిలో మాత్రం నేల మీద పరిచారు. క్లొటీ వాళ్ల పెద్దలు అక్రాలోనే ఉన్న జేమ్స్‌టౌన్ నుంచి ఇక్కడికి వలస వచ్చినవాళ్లు. ఎవరి నేల ఎవరిది అన్న పాత ప్రశ్న కూడా ఆ పసుపు దారిలో ఉంది.

మేం చూసిన చోట దాని రంగు పాలిపోయి ఆవపిండిలా ఉంది. వంగి చూస్తే ఒక ముక్క మీద నూనె కంపెనీ పేరులో సగం, ఇంకో ముక్క మీద డబ్బా పిడి తాలూకు వంపు. రాగి తీగ అరిగి మెరుస్తోంది. దాని మీదే ఒకావిడ టమాటాలు పోసుకుని అమ్ముతోంది. ఎవరూ దాన్ని కళాఖండంలా తప్పుకుని నడవడం లేదు. నాకు నచ్చింది అదే.

బావ ఊరుకోడు కదా. "మరి ఇలా తొక్కుతుంటే ప్లాస్టిక్ పొడి రాలి మళ్లీ కాలవలోకే పోతుంది కదరా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ప్లాస్టిక్ సమస్యను ప్లాస్టిక్‌తోనే చూపిస్తే కొంత ప్లాస్టిక్ మిగలకుండా ఉండదు.

మధ్యాహ్నం రోడ్డు పక్క బల్ల మీద కెంకే తిన్నాం. పులవబెట్టిన మొక్కజొన్న పిండి ముద్దను పొత్తు పొట్టులో చుట్టి ఉడికిస్తారు. దాంతో వేయించిన చేప, పచ్చి మిరప టమాటా నూరుడు, ఎండు రొయ్యలు వేసి నల్లగా వేయించిన షిటో. షిటో కారానికి బావ కళ్లు తుడుచుకున్నాడు, నేను రెండోసారి అడిగి వేయించుకున్నాను. ఇద్దరికీ కలిపి 70 సెడీలు. అప్పుడు సెడీ ఎనిమిది రూపాయలకు కాస్త అటూ ఇటూ ఉంది. పక్క బల్ల దగ్గరి మనిషి ముద్ద నోట్లో పెట్టుకునే ముందు మా వైపు తిరిగి, రండి, మీరూ తినండి అన్నట్టు పళ్లెం చూపించాడు. ఇక్కడ తినేవాడు చూసేవాణ్ని పిలవకుండా మొదలుపెట్టడు. పిలిచినందుకు థాంక్యూ అంటే చాలు, కూర్చోనక్కర్లేదు.

జనవరి 9, కాంటమాంటో

బావ టెమా వెళ్లిపోయాడు. నేనొక్కణ్నే సెకండ్ హ్యాండ్ బట్టల బజారు కాంటమాంటోలో దూరాను. పాత రైల్వే స్థలంలో ఉన్న ఈ బజారు 2025 జనవరి మొదట్లో కాలిపోయింది. కొత్త చెక్క కొట్లు మళ్లీ లేచాయి. యూరప్, అమెరికా వాళ్లు వదిలించుకున్న చొక్కాలు బేళ్లుగా దిగుతాయి. ఒక్కో బేలు 55 కిలోల దాకా ఉంటుంది. అది అమ్మాయిల తల మీద కదులుతుంది. కాయాయే అంటారు వీళ్లను. చాలామంది టమాలే చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవాళ్లే. పదిహేనేళ్లు కూడా ఉండవేమో అనిపించే పిల్ల ఒకతి నా పక్క నుంచి బేలుతో వెళుతూ "ఆగో" అని అరిచింది. తప్పుకోమని. నేను గోడకి అంటుకుపోయాను.

నేను వెతుక్కుంటూ వచ్చిన ఇబ్రహీం మహామా పనుల్లో ఇలాంటి ఆడవాళ్ల చేతుల ఫొటోలున్నాయి. ముంజేతి మీద పచ్చబొట్టుగా పేరు, ఊరు. పరాయి ఊళ్లో ప్రమాదంలో పోతే శవం ఎవరిదో తెలియాలని పొడిపించుకుంటారు. ఆ ఫొటోలు చూసే ఈ ప్రయాణం పెట్టుకున్నాను. బజారులో మాత్రం ఎవరి చేతుల వైపూ చూడబుద్ధి కాలేదు.

జనవరి 11, కుమాసి

ఆదివారం. ఊరు ఊరంతా చర్చిలోనో, చావు భోజనంలోనో ఉంది. నలుపు ఎరుపు బట్టల్లో గుంపులు. మహామా చదివిన క్వామె ఎన్‌క్రుమా యూనివర్సిటీ క్యాంపస్ చెట్ల నీడలో నిద్రపోతోంది. 1987లో టమాలేలో పుట్టిన ఆయన ఇక్కడ పెయింటింగ్ చదివారు. కాన్వాసు మీద బొమ్మ వేయడమే పెయింటింగ్ అన్న అలవాటును ఈ డిపార్ట్‌మెంటు గురువులే వదిలించారు. బ్లాక్స్‌టార్‌లైన్స్ అన్న కళాకారుల బృందం ఇక్కడే పుట్టింది. ఆదివారం కాబట్టి తాళాలు చూసి తిరిగొచ్చాను.

ఫుఫు విషయంలో ఒక్క మాట. కర్రపెండలం, అరటి కలిపి రోట్లో దంచిన ముద్ద. నమలకూడదు, పులుసులో ముంచి మింగేయాలి. ఎడమ చెయ్యి బల్ల మీదకి రాకూడదు. ఎడమ చేత్తో డబ్బులిచ్చినా మొహం మాడ్చుకుంటారు. మనకి కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదు.

జనవరి 12, టమాలే

ఉదయం బస్సు దిగేసరికి పళ్ల మధ్య దుమ్ము. సహారా మీంచి వచ్చే హర్మటాన్ గాలి. సూర్యుడు కనిపిస్తాడుగానీ కళ్లు చికిలించకుండా చూడొచ్చు. పెదాలు ఒక్క పూటలో పగిలాయి. లాడ్జి మేనేజరు అడక్కుండానే చిన్న డబ్బీలో షియా వెన్న తెచ్చిచ్చాడు. ఊరంతా మోటారు సైకిళ్లే. వాటి మీద తలకి గుడ్డ చుట్టుకుని, వెనక ఇద్దరు పిల్లల్ని కట్టుకుని దూసుకుపోయే ఆడవాళ్లు. దక్షిణాన ఇంతమంది ఆడవాళ్లు బళ్లు నడపడం చూళ్లేదు.

టిఫినుకి కోకో, కోసే. సజ్జ పిండిని పులవబెట్టి అల్లం, మిరియం ఘాటుతో కాచిన జావ, బొబ్బర్లు రుబ్బి నూనెలో వేసిన వడలు. ఎనిమిది సెడీలకు కడుపు నిండిపోయింది. వడలామె దగ్గర నేర్చుకున్న మర్యాద మిగతా ఊరంతా పనికొచ్చింది. ముందు "దసిబా" అనాలి, శుభోదయం. అవతలివాళ్లు "నా" అంటారు. తర్వాత ఇంట్లోవాళ్లు బాగున్నారా, రాత్రి నిద్ర పట్టిందా. అవన్నీ అయ్యాకే వడ ఎంత అని అడగాలి. హైదరాబాద్ హడావుడితో నేరుగా ధర అడిగినవాడికి ఆమె ధర చెప్పలేదు, నవ్వింది.

'మహామా దగ్గరికి' అని మూడు చక్రాల బండి కుర్రాడికి చెప్పాను. ఈ బళ్లన్నీ మన ఆటోలే, ఇండియా నుంచే దిగుతాయి. వీటికి ఇక్కడ పేరు 'మహామా కాంబూ'. దేశాధ్యక్షుడు జాన్ మహామా. అయిదు నిమిషాల్లో కుర్రాడు నన్ను దింపింది స్టేడియం ముందు. దాని పేరు ఆలియు మహామా స్టేడియం, పాత ఉపాధ్యక్షుడి పేరు. అన్నిచోట్లా మహామాలే. వెళ్లాల్సింది వేరే మహామా అని కాగితం మీద గోనె సంచి బొమ్మ గీసి చూపిస్తే పగలబడి నవ్వాడు.

కానీ స్టేడియం చూడ్డం వృథా పోలేదు. 2024లో లండన్‌లో బార్బికన్ భవనానికి కప్పిన ఊదా, గులాబీ రంగు గుడ్డ, దాదాపు 2,000 చదరపు మీటర్లది, ఇక్కడి నేతగత్తెలు చేత్తో నేస్తే ఈ మైదానంలోనే పరిచి కుట్టారు. దాని మీద ఊరి కుటుంబాల దగ్గర సేకరించిన పాత బటకరీలు, అంటే ఉత్తరాది వాళ్ల గంటలాంటి చొక్కాలు, వంద దాకా అతికించారు. అంత పెద్ద గుడ్డ పరచడానికి టమాలేలో ఇంకో చోటు దొరకదు. గేటు దగ్గర కాపలా పెద్దాయన చేతులు బారలు చాపి ఇటు నుంచి అటు దాకా గులాబీ, గులాబీ అని చూపించాడు. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ ప్రాక్టీసు ఎక్కడ చేశారో చెప్పలేదు.

జనవరి 13, జన్నా క్పెంగ్

ఊరికి బయట, ఎర్రమట్టి దారి. బండి 40 సెడీలు. చెట్లు పలచబడ్డాక ముందు కనిపించేవి విమానాలు. ఎగరడం మానేసిన విమానాలు, పొలాల మధ్య వరసగా. ఇదే రెడ్ క్లే, మహామా కట్టించిన కళాకేంద్రం. 2019లో ఊళ్లో సవానా సెంటర్ అన్న గ్యాలరీ, 2020లో ఈ రెడ్ క్లే తెరిచారు మహామా. యూరప్, అమెరికాల్లో పనులు అమ్మగా వచ్చిన డబ్బు ఇటుకలుగా ఇక్కడ పేరుస్తున్నారు. 2025 డిసెంబరులో ఆర్ట్‌రివ్యూ పత్రిక కళారంగంలో అత్యంత ప్రభావశీలుర జాబితాలో ఆయన్ని మొదటి స్థానంలో పెట్టింది. ఆఫ్రికా నుంచి ఆ స్థానం అందుకున్నవారు అంతకు ముందు లేరు. ఆ హడావుడి ఇక్కడ ఎక్కడా లేదు. ప్రవేశానికి డబ్బులు తీసుకోరు. పేరు రాసుకుని లోపలికి పంపిస్తారు.

నేను వెళ్లేసరికి ఒక బడి పిల్లలు దిగారు. "సిలిమింగా!" అని నా వెనక పడ్డారు. తెల్లవాళ్లని పిలిచే పిలుపది. నా రంగు చూసి కూడా ఎలా వచ్చిందో గానీ ఆనందంగానే పలికాను. విమానాల లోపల సీట్లు తీసేసి తరగతి గదులు చేశారు. నిజం చెప్పాలంటే విమానాలు చూడగానే నాకు కాస్త ఎబ్బెట్టుగా అనిపించింది, ఫొటోల కోసం పెట్టినట్టు. మా గైడు, ఇరవై ఏళ్ల పిల్ల, చెప్పింది విన్నాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. తను చిన్నప్పుడు విమానం ఆకాశంలోనే చూసిందట. ఇప్పుడు వాళ్ల తమ్ముడు దాని రెక్క కింద కూర్చుని లెక్కలు చేస్తాడు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది రైలు పెట్టెలు. తెల్లదొరలు 1898లో సెకొండి రేవు దగ్గర పట్టాలు మొదలుపెట్టి 1903 కల్లా కుమాసి చేర్చారు. బంగారం, కలప, కోకో రేవుకి దిగడానికి. ఉత్తరానికి రైలు రానే లేదు. ఉత్తరం నుంచి వాళ్లకు కావలసింది గనుల్లోకి, తోటల్లోకి కూలీలు, వాళ్లు నడిచైనా వస్తారు. రైలు రాని టమాలేకి మహామా పట్టాలూ పెట్టెలూ లారీల మీద తెచ్చి పడేశారు. పిల్లలు ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి దూకుతున్నారు. ఒకడు కిటికీలోంచి తల బయటపెట్టి కూ అన్నాడు.

లోపల ఎర్ర ఇటుకల పెద్ద హాల్లో గోనె. మొదట వాసన వచ్చింది. బొగ్గు, దుమ్ము, మగ్గిన గింజలు. మా ఇంటికి దగ్గర్లో నెల్లిమర్ల జూట్ మిల్లు. నాన్న ఫినిషింగ్‌లో పనిచేసేవాడు. ఆయన చొక్కాకి వేరే వాసన, నార మెత్తబడ్డానికి చల్లే మినరల్ ఆయిలు వాసన ఉండేది. కోకో సంచులకి ఆ నూనె పనికిరాదు, గింజకి పట్టేస్తుంది. వాటికి తవుడు నూనెలాంటి వంటనూనెలే వాడాలని ప్రమాణం ఉంది. బంగ్లాదేశ్, ఇండియా మిల్లుల్లో అలా తయారైన సంచులను ఘానా కోకో బోర్డు తెప్పించుకుంటుంది. ఒక సంచికి 62.5 కిలోల గింజ, 16 సంచులైతే టన్ను. రైతుకి బస్తాకి 3,625 సెడీలని 2025 అక్టోబరులో ప్రకటించారు. కోకో ఓడెక్కిపోతుంది. దేశంలో మిగిలిపోయిన సంచులు బియ్యానికి, మొక్కజొన్నకి, చివరకి బొగ్గుకి దిగుతాయి.

చేతికందేంత దగ్గరగా ఒక సంచి చూశాను. ఆకుపచ్చ సిరాతో 'ప్రొడ్యూస్ ఆఫ్ ఘానా'. దాని మీద ఎవరో నల్ల మార్కరుతో రాసుకున్న పేరు, ఇంకొకరు దాన్ని కొట్టేసి రాసిన మరో పేరు. కొక్కెం దిగిన చోట చిరుగు, చిరుగు మీద నీలం చీటీ గుడ్డ మాసిక. నోటి దగ్గర పురికొస కుట్టు విప్పి కుట్టి, విప్పి కుట్టి బెజ్జాలు వెడల్పయ్యాయి. పక్క కుట్టు మాత్రం చెక్కుచెదరలేదు. నాన్న అయితే ముందు ఆ కుట్టునే వేలితో తడిమేవాడు. మిల్లులో దాన్ని హెరాకిల్ అంటారు.

మహామా సంచుల్ని ఊరికే పోగుచెయ్యరు. వ్యాపారులకి కొత్త సంచులిచ్చి పాతవి తీసుకుంటారు. తర్వాత పనివాళ్లు, ఎక్కువమంది ఉత్తరాది వలస కూలీలే, వాటిని నేల మీద పరిచి కలిపి కుడతారు. 2015లో వెనిస్ బియెనాలే అన్న కళా ప్రదర్శనలో ఆర్సెనాలే భవనాల గోడల వెంబడి పొడుగాటి దారంతా ఇలాంటి గోనెతో కప్పేశారు. 2017లో ఏథెన్స్ సింటాగ్మా చౌకులో జనం మధ్య కూర్చుని కుట్టారు. ఫొటోల్లో అవి బట్టలా కనిపిస్తాయి. ఇక్కడ నిలబడితే అది బరువు. ఒక్కో సంచి ఎన్ని వీపులెక్కిందో లెక్క కట్టడం మొదలెట్టి మానేశాను.

మహామా ఆ రోజు ఊళ్లో లేరు. ఉన్నా ఏమడుగుతాను, మా నాన్న కుట్టిన సంచి ఇందులో ఉందా అనా?

జనవరి 14, ఎన్‌క్రుమా వొలిని

ఇంటి దగ్గర భోగి. ఇక్కడ కాంక్రీటు గోతిలో గబ్బిలాలు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశ తొలి అధ్యక్షుడు క్వామె ఎన్‌క్రుమా ధాన్యం నిలవకి తూర్పు యూరప్ నిపుణులతో కట్టించడం మొదలుపెట్టిన సైలో ఇది. 1966 ఫిబ్రవరి 24న సైన్యం ఆయన్ని దింపేసింది, పని ఆగిపోయింది. దశాబ్దాల పాటు నీళ్లు, పాములు, గుడ్లగూబలు. మహామా దీన్ని కొని బాగుచేయించారు గానీ గబ్బిలాల్ని తరమలేదు. తల మీద రెట్ట పడితే గైడుకి బాధ్యత లేదు. నా చొక్కా మీద పడింది కూడా. గింజ ఎన్నడూ చూడని గరిసెల మధ్య నడిచి, చల్లగా ఉందని కాసేపు కూర్చుని బయటికొచ్చాను.

భోజనం టూజాఫీ. మొక్కజొన్న పిండితో మెత్తటి సంకటి, మీద ఆకుపచ్చగా సాగే ఆయోయో పులుసు, మేకమాంసం ముక్క. 25 సెడీలు. ఆకు ఏమిటో చూపించమంటే వండే ఆమె పొయ్యి వెనక నుంచి కట్ట తెచ్చింది. రంపపు అంచు, తొడిమ దగ్గర రెండు పక్కలా మీసాల్లాంటి సన్నటి పోగులు. జనపనార మొక్క! గోనె నేసే నార ఈ మొక్క కాండానిదే. మా వైపు గోంగూర తిని గోగునార తీసినట్టు వీళ్లు జనపనార ఆకు తింటున్నారు. కానీ నార ఇక్కడెవరూ తీయడం లేదని ఆమె మాట. సంచి మాత్రం సముద్రం దాటి రావాలి. ఈ సంగతి నిన్న హాల్లో ఎవరూ చెప్పలేదు, ఏ పలకా రాయలేదు. నాకైతే మొత్తం ప్రయాణంలో ఇదే పెద్ద వార్త. రెండో గిన్నె పులుసు అడిగితే డబ్బులు తీసుకోలేదు. దాహానికి సొబోలో, అంటే ఎర్ర గోగుపూలు మరిగించి అల్లం వేసిన చల్లటి పానకం, అయిదు సెడీలు.

జనవరి 15, టమాలే బజారు

బస్సుకి ముందు ఒక పాత కోకో సంచి కొనుక్కుందామని బొగ్గు అమ్మే వరసలోకి వెళ్లాను. మొన్నటి ఆటో కుర్రాడే దుబాసీ. దసిబా, నా, ఇల్లు, పిల్లలు, నిద్ర అన్నీ అయ్యాయి. బొగ్గు కుప్ప పక్కన కూర్చున్న పెద్దావిడ దగ్గర సరిగ్గా నేను కోరుకున్న సంచి ఉంది, ఆకుపచ్చ అక్షరాలతో, మూడు మాసికలతో. 20 సెడీలిస్తానన్నాను. తల అడ్డంగా ఊపింది. 40 అన్నాను. డబ్బు వద్దు, కొత్త సంచి తెచ్చివ్వు, ఇది తీసుకుపో అంది. ఈ ఊళ్లో పాత గోనె రేటు అందరికీ తెలుసన్నమాట.

బజారంతా తిరిగాం. ఎక్కడ చూసినా తెల్లటి ప్లాస్టిక్ సంచులే. ఏడేసి సెడీలకి రెండు కొని తెచ్చాను. ఆవిడ ఒకదాన్ని వేళ్ల మధ్య నలిపి చూసి, బొగ్గు మొన గుచ్చుకుంటే నిలువునా చీలిపోతుంది, నీకు తెలియదా అన్నట్టు కుర్రాడితో చెప్పి నా చేతిలోనే పెట్టేసింది. ఆ రెండు సంచుల్నీ కుర్రాడు తీసుకున్నాడు, ఇంట్లో మొక్కజొన్నకి పనికొస్తాయని. బస్టాండుకి దింపినందుకు మాత్రం పదిహేను సెడీలు పూర్తిగా వసూలు చేశాడు.